క్వార్ట్జ్‌కి "ఆరు క్లీవేజ్‌లు": పేర్లన్నీ వచ్చినా రాయి గుర్తుపట్టలేని ఒక విద్యార్థిని కేసు

నేపథ్యం

ఖనిజాలను చేత్తో పట్టుకుని గుర్తుపట్టడం పెద్దవాళ్లకు నేర్పుతుంటాను. పెద్ద యంత్రాలేమీ ఉండవు. పది రెట్లు పెద్దగా చూపించే లెన్స్, స్టీల్ కత్తి, గాజు ముక్క, నునుపు చేయని పింగాణీ పలక, కాస్త పలుచన చేసిన ఆమ్లం, ఒక తూకం, అంతే. ఈ కేసులో ఉన్నది ఎవరో తెలిసిపోయే వివరాలన్నీ తీసేశాను. కేసుకు కావలసినవి రెండే విషయాలు: ఆవిడ నా దగ్గరికి వచ్చేనాటికే చాలా చదివి ఉన్నారు, నేర్చుకున్నది పిల్లలకు నేర్పాలన్నది ఆవిడ ఉద్దేశం.

ఆవిడ దగ్గర గళ్ల పెట్టె ఒకటి ఉండేది. ఒక్కో గడిలో బొటనవేలంత రాయి, దాని మీద పేరు రాసి అతికించిన చీటీ. ఫార్ములాలు నోటికి వచ్చు. గీతకు తట్టుకునే గట్టితనాన్ని, అంటే కాఠిన్యాన్ని, 1 నుంచి 10 దాకా వరసపెట్టే మోస్ స్కేలు టాల్క్ నుంచి వజ్రం దాకా తడుముకోకుండా చెప్పేవారు. కాల్సైట్ మీద ఆమ్లం చుక్క వేస్తే పొంగుతుందని, మాగ్నెటైట్‌ని అయస్కాంతం లాగుతుందని, హెమటైట్ పైకి నల్లగా కనిపించినా పింగాణీ మీద రుద్దితే ఎర్రటి గీత పడుతుందని అడిగిందే తడవుగా చెప్పేవారు. ఆ పెట్టెలో ఏ రాయి తీసి చూపించినా తప్పేవారు కాదు.

వచ్చిన సమస్య

"సార్, పెట్టెలోవి అన్నీ వస్తాయి. బయటి రాయి చేతికిస్తే మాత్రం బుర్ర పనిచేయదు. పిల్లల ముందు పరువు పోతుందేమోనని టెన్షన్" అన్నారు.

చీటీల్లేని ఆరు ముక్కలు బల్ల మీద పెట్టాను: క్వార్ట్జ్, కాల్సైట్, జిప్సం, హేలైట్ (రాతి ఉప్పు), ఫ్లోరైట్, బెరైట్. ఆరూ తెల్లవో, రంగు లేనివో. కావాలనే అలా ఎంచాను. చాలా ఖనిజాల్లో రంగును నమ్ముకుంటే పప్పులో కాలేసినట్టే. క్వార్ట్జ్‌లో పిసరంత ఇనుము చేరి, సహజ రేడియేషన్ తగిలితే అది ఊదా రంగు అమెథిస్ట్ అవుతుంది. ఫ్లోరైట్ కూడా ఊదాగా ఉండొచ్చు, పచ్చగా ఉండొచ్చు, అసలు రంగే లేకపోవచ్చు. రంగు తీసేస్తే ఆవిడ ఇంక దేని మీద ఆధారపడుతున్నారో బయటపడుతుంది.

ఆరింటిలో సగం క్వార్ట్జ్ అన్నారు. బెరైట్‌ని కాల్సైట్ అన్నారు. తర్వాత ఊదా రంగు ఫ్లోరైట్ ఇస్తే, చేతిలోకి తీసుకునేలోపే "అమెథిస్ట్" అనేశారు. ఇవన్నీ కొత్తగా నేర్చుకునే వాళ్లు చేసే మామూలు తప్పులే. నాకు ఆశ్చర్యం వేసింది వేరే చోట: మొదటి ఆరింటికీ పరీక్షలు చేసి మరీ తప్పు చెప్పారు. బద్ధకం కాదు, తొందరపాటూ కాదు. కత్తితో గీశారు, లెన్స్ పెట్టి చూశారు, కాగితం మీద రాసుకున్నారు. రాసుకున్నదే తప్పు.

మొదట చేసినవి, ఎందుకు పనిచేయలేదు

తొలి ఆలోచన, ఒక్కో ఖనిజానికి ఒకే నమూనా చూసి ఉండటం వల్ల ఇలా జరుగుతోందని. అదే ఖనిజం పది రూపాల్లో చూస్తే పోలిక దానంతటదే పట్టుబడుతుందనుకుని, ఒక్కో దానికి రకరకాల ముక్కలు ఇస్తూ వచ్చాను. పేర్ల జాబితా పెరిగింది, తప్పులు తగ్గలేదు. కారణం ఒక సాయంత్రం అనుకోకుండా తెలిసింది. ఒక కాల్సైట్ ముక్కకు చీటీ ఊడిపోయి, వెనక జిగురు మరక మిగిలింది. దాన్ని తిప్పి మరక చూశాకే ఆవిడ కాల్సైట్ అన్నారు. అంటే ఆవిడ గుర్తుపెట్టుకుంటున్నది ఖనిజాన్ని కాదు, ఆ ఒక్క ముక్కని. అలాంటప్పుడు ఎన్ని ముక్కలిస్తే అన్ని కొత్త ముక్కలు బట్టీ పడతారు, అంతే.

రెండోది, పట్టిక. మెరుపు, కాఠిన్యం, పింగాణీ మీద గీత రంగు, క్లీవేజ్ (పగిలినప్పుడు చదునైన తలాల వెంట చీలే గుణం), బరువు ఒక్కో గడిలో నింపాక, అట్టడుగున పేరు రాయాలి. అన్ని గుణాలూ చూడక తప్పని పరిస్థితి కల్పించాలన్నది నా లెక్క. పట్టికలు చక్కగా నిండాయి. కానీ ఆవిడ నింపుతున్నప్పుడు పక్కన కూర్చుని చూస్తే, కలం ముందు అట్టడుగు గడిలోకి వెళ్లింది. పేరు రాశాక పైకి వచ్చి, ఆ పేరుకు ఏ విలువలు ఉండాలో పుస్తకంలో చదివినవి నింపారు. రంగులేని ఫ్లోరైట్‌కి కాఠిన్యం 7 అని రాశారు, గాజు మీద గీత లేకపోయినా. మనసులో క్వార్ట్జ్ అనుకున్నారు కాబట్టి 7 ఉండాలి, ఉంది.

ఫోన్‌లో ఫొటో తీస్తే పేరు చెప్పే యాప్ కూడా ఆవిడే సొంతంగా వాడి చూశారు. ఫొటోకి అందేది రంగు, ఆకారం, కాస్త మెరుపు. కాఠిన్యం, బరువు ఫొటోలో ఉండవు. దాని గురించి అంతకన్నా రాయడానికి లేదు.

చిక్కు ఎక్కడుంది

ఇక్కడ పాఠాలు ఆపేశాను. ఒక్కో ముక్క చేతికిచ్చి, మనసులో ఏమనుకుంటున్నారో పైకి చెప్పమన్నాను. సరిదిద్దకుండా వింటూ రాసుకున్నాను. తప్పు జవాబు వెనక ఉన్న కారణం వింటే తప్ప తప్పు ఎక్కడ మొదలైందో తెలియదు. అలా రెండు ముడులు బయటపడ్డాయి.

ఒకటి, కత్తి గీత. స్టీల్ కత్తి కాఠిన్యం దాదాపు 5.5. క్వార్ట్జ్‌ని అది గీయలేదు. కానీ గట్టిగా లాగితే లోహమే అరిగి రాయి మీద బూడిద రంగు గీత మిగులుతుంది. ఫ్లోరైట్ కాఠిన్యం 4. దాని మీద కత్తి నిజంగానే గాడి తీస్తుంది, అందులో తెల్లటి పొడి ఉంటుంది. ఆవిడకు రెండూ గీతలే. "గీత పడింది సార్" అని రెండింటికీ ఒకటే రాసేవారు. ఇక కాఠిన్యం ఏమని తేలుతుంది? ఏ పేరు అనుకుంటే అది తేలుతుంది.

రెండోది ఇంకా లోతైనది. ఆరు పలకలతో, పైన మొన తేలిన మంచి క్వార్ట్జ్ స్ఫటికం ఇస్తే, "క్లీవేజ్ ఆరు వైపులా బాగుంది" అన్నారు. చదునుగా, మెరుస్తూ ఉన్న ప్రతి ఉపరితలమూ ఆవిడ లెక్కలో క్లీవేజే. క్వార్ట్జ్‌కి చెప్పుకోదగ్గ క్లీవేజే లేదు. ఆ ఆరు ముఖాలూ స్ఫటికం పెరిగేటప్పుడు ఏర్పడినవి. క్లీవేజ్ అంటే పగిలినప్పుడు, పరమాణువుల మధ్య బంధాలు బలహీనంగా ఉన్న తలాల వెంట చీలడం. ఈ నిర్వచనం ఆవిడకు కంఠతా వచ్చు. రాయి మీద వేలు పెట్టి చూపించమంటే మాత్రం పెరిగిన ముఖాన్నే చూపించేవారు.

ముందు ఏది విప్పాలి? పేరు చెప్పే తొందరను ముందు ఆపడం తేలికే, కానీ పేరు చెప్పనంత మాత్రాన గీత సరిగ్గా కనపడదు. అలాగని పేరు నాలుక చివర ఉన్నంతసేపు కన్ను కొత్తది చూడదు. అందుకని పేరుతో పనే లేని చోట మొదలుపెట్టాను: ఏ రాయో ముందే చెప్పేసి, దాన్ని పగలగొట్టించడం.

పనిచేసినవి

మొదట కాల్సైట్. కళ్లద్దాలు పెట్టుకుని, ముక్కను మందపాటి గుడ్డలో చుట్టి, ఉలితో చిన్న దెబ్బ. (సీసం ఉన్న గలీనా, పీచు పీచుగా ఉండే ఆస్బెస్టాస్ రకాలు పగలగొట్టించను. రుచి చూసి హేలైట్ గుర్తుపట్టే అలవాటూ నేర్పను. ఏ రాయో తెలియనప్పుడు నాలుక పెట్టడమేంటి?) గుడ్డ విప్పితే ఒక పక్కకు వాలిన డబ్బాల్లాంటి ముక్కలు. వాటిలో ఒకటి మళ్లీ పగలగొడితే ఇంకా చిన్నవి, అదే వాలు. చివరికి గుడ్డ మడతల్లో మిగిలిన పలుకుని లెన్స్ కింద పెట్టించాను. అదీ వాలిన డబ్బాయే. ప్రొట్రాక్టర్ మీద గట్టి అట్టముక్కను పిన్నుతో బిగించి చేసిన కోణమానితో కోణాలు కొలిపించాను. ముఖాల మీద కోణాలే కాదు, రెండు ముఖాలు కలిసే చోట కోణమూ కొలవాలి. కాల్సైట్‌లో రెండో కొలత 75, 105 డిగ్రీలకు దగ్గర్లో వస్తుంది. ఆవిడ కొలతలు ఒకటి రెండు డిగ్రీల తేడాతో అక్కడక్కడే పడ్డాయి.

తర్వాత క్వార్ట్జ్. అదే గుడ్డ, అదే ఉలి. ఆల్చిప్ప లోపలి వంపులాంటి పగుళ్లు, అంచుల్లో గాజు పదును, చదునైన తలం ఒక్కటీ లేదు. ముక్కల్ని చాలాసేపు తిప్పి తిప్పి చూసి, "మరి ఆ ఆరు వైపులూ ఏమైనట్టు?" అన్నారు. అవి బయటే ఉన్నాయి, లోపల లేవు.

అక్కడితో సరిపోతుందనుకున్నాను, కానీ ఆవిడ ఆగలేదు. వేర్వేరు క్వార్ట్జ్ స్ఫటికాల పక్క ముఖాల మధ్య కోణం కొలిచారు. ఒకటి బక్కపలచన, ఒకటి అణిగిపోయినట్టు ఉంది, ఒకదానికి ఒక ముఖం మిగతా వాటికన్నా రెట్టింపు వెడల్పు. అయినా అన్నిట్లోనూ 120 డిగ్రీలే. "ఇందులోనూ కోణం మారడం లేదు కదా. అలాంటప్పుడు కోణం చూసి క్లీవేజ్ అని ఎలా అంటాం?" అని అడిగారు.

ఈ ప్రశ్న వచ్చేదాకా డెన్మార్క్ శాస్త్రవేత్త నికోలస్ స్టీనో పేరు ఎత్తలేదు. క్వార్ట్జ్ ముఖాల పరిమాణం మారినా వాటి మధ్య కోణాలు మారవని ఆయన 1669లోనే గమనించాడు. తర్వాత కారాంజో 1780 ప్రాంతంలో చేసిన కోణమానితో ఫ్రెంచ్ ఖనిజ శాస్త్రవేత్త రొమే ద లీల్ చాలా ఖనిజాలు కొలిచి, 1783లో దాన్ని సాధారణ నియమంగా నిలబెట్టాడు. కాబట్టి మారని కోణం ముఖానికీ ఉంటుంది, క్లీవేజ్‌కీ ఉంటుంది. తేడా ఇంకెక్కడో వెతకాలి. దాన్ని నేను చెప్పేయకుండా రెండు రకాల రాళ్లు ఇచ్చాను.

ముందుది కోరపన్నులా మొన తేలిన కాల్సైట్ స్ఫటికం. బయటి ఆకారం వాలు డబ్బాకి ఎక్కడా పోలిక లేదు. పగలగొడితే లోపలి నుంచి మళ్లీ అదే వాలు డబ్బా, అవే కోణాలు. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రెంచ్ ఖనిజ శాస్త్రవేత్త రెనే జ్యూస్ట్ ఆవీ చేతిలోంచి ఒక కాల్సైట్ జారిపడి పగిలిందని, ఇదే చూసి ఆయన స్ఫటికాలు చిన్న చిన్న ఒకే ఆకారపు ఇటుకల పేర్పు అన్న ఆలోచనకు వచ్చాడని ఒక కథ చెబుతారు. కథ ఎంత నిజమైనా, 1784లో ఆయన ఆ సిద్ధాంతం అచ్చువేశాడు. ఆ కథ ముందే చెబితే వినోదంగా విని వదిలేసేవారు. చేతిలో ముక్కలు పెట్టుకుని వింటే పని చేసింది.

రెండోది ఫ్లోరైట్. ఘనాకారంలో పెరిగిన స్ఫటికం, ఒక మూల కొంచెం ఎగిరిపోయింది. ఎగిరిన చోట నున్నటి త్రిభుజం. ఘనానికి ముఖాలు నాలుగు పలకలవి కదా, త్రిభుజం ఎక్కడిది? లెన్స్ కింద ఆ త్రిభుజంలో సన్నటి మెట్లు కనిపించాయి. ముక్కను దీపం కింద మెల్లగా తిప్పితే ఆ మెట్లన్నీ ఒకేసారి తళుక్కుమన్నాయి, ఒకేసారి ఆరిపోయాయి. ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయి కాబట్టి వెలుగు అన్నింటి మీదా ఒకే క్షణంలో పడింది. ఆవిడ ఆ ముక్కను ఎన్నిసార్లు తిప్పారో! ఫ్లోరైట్ ఘనంగా పెరుగుతుంది, అష్టముఖిగా చీలుతుంది. ఎనిమిది మూలలూ జాగ్రత్తగా చీలిస్తే మధ్యలో అష్టముఖి మిగులుతుంది.

దీనికి జోడీగా ఇంటి దగ్గర పటిక స్ఫటికం పెంచమన్నాను. వేడినీళ్లలో కరిగినంత పటిక కరిగించి, చల్లారాక దారానికి కట్టిన చిన్న పలుకు వేలాడదీసి, కాగితం కప్పి కదపకుండా వదిలేయడం. అదీ అష్టముఖిగానే వస్తుంది. ఫ్లోరైట్ నుంచి చీల్చిన అష్టముఖినీ దీన్నీ పక్కపక్కన పెట్టి కొలిస్తే రెండింట్లోనూ 109 డిగ్రీల పైచిలుకు. ఆకారం ఒకటే, కోణం ఒకటే. కానీ పటిక పగిలితే గాజులా వంపుగా పగులుతుంది. పైగా దాని మూల ఒకటి విరగ్గొట్టి మళ్లీ ద్రావణంలో పెడితే, కొన్నాళ్లకు విరిగిన చోట ముఖాలు తిరిగి ఏర్పడతాయి. పెరిగిన అష్టముఖి ఒకటి, చీలిన అష్టముఖి ఒకటి. ఆ తర్వాత ఆవిడ క్వార్ట్జ్‌కి క్లీవేజ్ రాయలేదు.

ఇక్కడ ఒక మాట. మొదటి పాఠానికి చాలామంది హేలైట్ తీసుకుంటారు, సులువని. నేనైతే అది చివరికి ఉంచుతాను. హేలైట్ ఘనంగా పెరుగుతుంది, ఘనంగానే చీలుతుంది. ముఖమూ క్లీవేజూ ఒకటేనన్న పొరపాటుకి అంతకన్నా గట్టి సాక్ష్యం ఇంకో రాయి ఇవ్వలేదు. ఆవిడ పాత పెట్టెలో మొదటి గడిలో ఉన్నది అదే.

కాఠిన్యం ముడి విప్పడానికి అంత శ్రమ పట్టలేదు. గీశాక తడి వేలితో తుడవాలి, గోటితో అడ్డంగా తడిమి గాడి తగులుతుందో లేదో చూడాలి, లెన్స్ పెట్టాలి, ఆ తర్వాతే రాయాలి. పైగా రెండు వైపులా పరీక్షించాలి: కత్తి రాయిని గీసిందా, రాయి గాజుని గీసిందా. రెండు జవాబులూ పొసగకపోతే పరీక్ష మళ్లీ. క్వార్ట్జ్ మీది బూడిద గీత వేలికి అంటుకుని పోవడం చూసి ఆవిడే నవ్వేశారు.

ఇప్పుడు పేర్ల సంగతి. పట్టికలో పేరు గడి కొట్టేశాను. దాని బదులు ఒకటే ప్రశ్న: "ఇది మీరు అనుకుంటున్నది కాదని తేల్చాలంటే ఏ పరీక్ష చేస్తారు?" పేరు మనసులోకి రాకుండా ఎవరూ ఆపలేరు, నాకూ వస్తుంది. వచ్చిన పేరుని నిలబెట్టే పరీక్ష కాకుండా పడగొట్టే పరీక్ష వెతకమన్నప్పుడు, పుస్తకంలో విలువలు చూసి నింపే దారి మూసుకుపోతుంది.

మొదట తప్పిన తెల్ల బెరైట్ ముక్కే మళ్లీ ఇచ్చాను. ఈసారీ కాల్సైట్ అనే అనుకున్నారు, ఆ అనుమానం తప్పు కాదు. కాఠిన్యం రెండింటికీ 3 చుట్టుపక్కలే. క్లీవేజ్ రెండింటికీ ఉంది. బెరైట్ పలకలో కనిపించే 78, 102 డిగ్రీల కోణాలు కాల్సైట్ 75, 105కి పక్కనే. చేత్తో చేసిన కోణమానితో మూడు డిగ్రీల తేడా నమ్మలేం. ఇలాంటి జంటలే నేర్పడానికి పనికొస్తాయి. ఆవిడ రెండు దారులు చెప్పారు: ఆమ్లం, బరువు. ఆమ్లం చుక్క వేస్తే పొంగు లేదు. "డోలమైట్ కూడా పొడి చేస్తేగాని సరిగ్గా పొంగదు, కాబట్టి ఇది ఒక్కటే చాలదు" అని ఆవిడే అన్నారు.

బరువు కోసం తూకం మీద నీళ్ల గ్లాసు పెట్టి, సున్నాకి తెచ్చి, రాయిని దారంతో నీళ్లలో వేలాడదీశారు, అడుగు తగలకుండా. అప్పుడు తూకం చూపించే అంకె ఆ రాయి తోసిన నీటి బరువు. పొడిగా 90 గ్రాములున్న ముక్క నీళ్లలో 20 చూపించింది. 90ని 20తో భాగిస్తే 4.5, అంటే అంతే పరిమాణం నీటికి నాలుగున్నర రెట్లు బరువు. కాల్సైట్ 2.71, క్వార్ట్జ్ 2.65, డోలమైట్ 2.85 దగ్గర. తెల్లగా, మెత్తగా ఉండి 4.5 తూగే మామూలు ఖనిజం బెరైట్. అప్పుడు మళ్లీ కోణమాని తీసి, పలక అడుగుకీ పక్క చీలికకీ మధ్య 90 డిగ్రీలు ఉందని చూపించారు. కాల్సైట్ క్లీవేజ్‌లో 90 ఎక్కడా రాదు. అది నేను అడగలేదు.

తర్వాత ఏమైంది, ఏం తేలింది

గట్టి పరీక్ష కైనైట్‌తో జరిగింది. నీలం రంగు పొడవాటి పలక. పొడవు వెంట గీస్తే కత్తి గాడి తీస్తుంది, అడ్డంగా గీస్తే తీయలేదు. పొడవు దిశలో కాఠిన్యం దాదాపు 5, అడ్డంగా 6.5 నుంచి 7. పాత పద్ధతిలో అయితే రెండింటిలో పుస్తకానికి సరిపోయేది ఉంచి రెండోది కొట్టేసేవారు. ఈసారి పట్టికలో దిశలు గీసి రెండు అంకెలూ రాశారు. మోస్ 1812లో పెట్టిన స్కేలు వరసే తప్ప కొలత కాదని, 9కీ 10కీ మధ్య దూరం మిగతా మెట్లన్నిటికన్నా చాలా పెద్దదని అప్పుడు మాట్లాడుకున్నాం.

పిల్లల క్లాసులో ఆవిడ ఇప్పుడు చీటీలున్న పెట్టె మొదట బయటికి తీయరు. పటికతో మొదలుపెడతారు, ఎందుకంటే ఉలి పిల్లల చేతికివ్వలేరు. పగలగొట్టడం తాను చేసి, ముక్కలు వాళ్లకిస్తారు. నా దగ్గరా కొన్ని మారాయి. కొత్తగా వచ్చినవాళ్లకి మొదట నేర్పేది ఖనిజాల జాబితా కాదు, కాల్సైట్, క్వార్ట్జ్, ఫ్లోరైట్ ఈ వరసలో పగలగొట్టడం. సానపెట్టి నున్నగా చేసిన గుండ్రాళ్లు అసలు పెట్టడం లేదు. వాటికి ముఖాలూ ఉండవు, క్లీవేజూ కనపడదు, మిగిలేది రంగే. ఎవరైనా పట్టిక నింపుతుంటే ఏం రాశారో చూసే ముందు ఏ గడి ముందు నింపారో చూస్తాను.

అన్నీ కుదిరాయని కాదు. ముక్కల్లో స్ఫటికాలు కంటికి ఆనని, పిండిలాంటి ముద్దల దగ్గర ఆవిడ ఇంకా తడబడతారు. అక్కడ చేతి పరీక్షలకే హద్దు ఉంది. నల్లటి హార్న్‌బ్లెండ్, ఆగైట్ విషయంలో కాఠిన్యం, బరువు, మెరుపు అన్నీ దగ్గరదగ్గరగానే ఉంటాయి. తేల్చేది క్లీవేజ్ కోణమే. హార్న్‌బ్లెండ్‌లో 56, 124 డిగ్రీలు, ఆగైట్‌లో 87, 93. పెద్ద ముక్కల్లో ఆవిడ దీన్ని బాగానే పట్టుకుంటున్నారు. రాతిలో ఇరుక్కున్న సన్న గింజల దగ్గర కోణమాని కాళ్లు ఆనవు, కాబట్టి లెన్స్ కింద అంచు చూసి అంచనా కట్టడం మీద పని చేస్తున్నాం. అంచనా కుదరని గింజలకు పట్టికలో "నల్లది, రెండు క్లీవేజ్‌లు, కోణం అందలేదు" అని రాసి వదిలేస్తున్నారు.